మా పెద్దమ్మ ఏ ఫైల్లోనూ లేదు

ఈ వారం కరువు కథల గురించి రాస్తానని పోయిన భాగంలో చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. మొన్న కడపలో ఒక మీటింగు జరిగింది. అక్కడ సగమే మాట్లాడాను. మిగతా సగం ఇక్కడ రాయకపోతే నాకు క్లాసులో పాఠం చెప్పబుద్ధి కావడం లేదు. కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

నేను ఆదోని వైపు ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఐదేళ్లుగా మా కాలేజీ రెడ్ రిబ్బన్ క్లబ్ నా మీదే ఉంది. కోరి తీసుకున్నది కాదు. స్టాఫ్ మీటింగులో ఆ పేరు చదవగానే బాటనీ, జువాలజీ వాళ్లు కిటికీలోంచి బయటకు చూశారు. "తెలుగు మేడం అయితే స్లోగన్లు బాగా రాయిస్తారు" అన్నారొకరు. ఎయిడ్స్ అనగానే ఉన్న ఒక్క ఎస్సీ మేడం ఎందుకు గుర్తొచ్చిందో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. డిసెంబర్ 1న ఒక ర్యాలీ, ముగ్గుల పోటీ, క్విజ్. మొదటి రెండేళ్లు అంతే చేశాను. తర్వాత పిల్లలు అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబుల్లేక, అందరూ 'నాకో' అని పిలిచే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను.

అలా చదివే మనిషి ఒకరున్నారని ఎవరో చెప్పారట. పల్లెల్లో పంచబోయే ఒక చేతిపుస్తకం తెలుగు సరిచూడడానికి రమ్మని పిలుపొచ్చింది. పాలసీ అంటే ఢిల్లీలో జరిగేది అనుకుంటాం. నేను చూసిన పాలసీ ఇది: ఒక పొడుగు బల్ల, మిక్చర్ ప్లేట్లు, ఇంగ్లీషులోంచి తెలుగులోకి దింపిన అరవై పేజీలు, చుట్టూ పన్నెండు మందిమి. ఆడవాళ్లం ముగ్గురం. ఆ పుస్తకం ఎవరి గురించో వాళ్లు ఒక్కరూ లేరు.

మూడో పేజీలోనే నా పెన్ను ఆగింది. 'సుఖవ్యాధులు' అని ఉంది.

ఈ మాట మీకు కొత్త కాదు. బస్టాండు గోడల మీద, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో దొరుకుతానని చెప్పే డాక్టర్ల పోస్టర్ల మీద చిన్నప్పట్నుంచీ చదివిందే. ఇంగ్లీషులో వెనీరియల్ అనే మాట వీనస్ అనే ప్రేమదేవత పేరులోంచి వచ్చింది. మనవాళ్లు దాన్ని సుఖం చేశారు. సుఖపడినవాళ్లకు వచ్చే జబ్బు. రోగం పేరులోనే తీర్పు ఉంది. దీని బదులు 'లైంగికంగా సోకే వ్యాధులు' అని రాద్దామన్నాను. "జనానికి అర్థం కాదు మేడం. సుఖవ్యాధి అంటే పల్లెల్లో కూడా టక్కున తెలుస్తుంది" అన్నారు ఎదురుగా కూర్చున్న అధికారి.

నిజమే, తెలుస్తుంది. మా పెద్దమ్మ మంచం దగ్గర కేసు షీటు చూసి ఒక నర్సు అన్నది ఆ మాటే. "ఈమెది సుఖరోగంలే, పక్కకు జరపండి."

మీటింగులో చెప్పని సగం ఇదే.

మా పెద్దమ్మ బసివి. మా తాతకు ఇద్దరూ ఆడపిల్లలే. మాదిగ గేరిలో కొడుకు లేని ఇంట్లో పెద్దకూతుర్ని బసివిగా వదలడం మా ఆలూరు వైపు అప్పటికి వింత కాదు. బసివి అయితే ఆమె మగబిడ్డ లెక్క. తండ్రి భూమి ఆమెకు వస్తుంది, తండ్రికి కొరివి ఆమే పెడుతుంది. పెళ్లి మాత్రం ఉండదు. 1968లో, పదమూడేళ్ల వయసులో, ఆమె మెడలో ముత్యాలు కట్టి భుజం మీద ముద్ర వేశారు. దేవదాసీగా సమర్పించడం నేరమని మద్రాసు ప్రభుత్వం 1947లోనే చట్టం చేసింది. ఆ సంగతి మా ఊరికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు ఆ రోజు మా తాత ఇంటి ముందు వరుసలో కూర్చుని భోంచేశారని అమ్మ అంటుంది. మాదిగ వాళ్లింట్లో తినరు కదా అని అడిగితే, "బియ్యం వాళ్లవే, వంట వాళ్లదే, పిల్ల మాత్రం మనది" అంది.

ఇంటికి ఒక 'కొడుకు' దొరికింది కాబట్టి చిన్నకూతురికి పెళ్లి చేశారు. ఆ చిన్నకూతురు మా అమ్మ. కూలి దొరకని ఎండాకాలం పెద్దమ్మ బళ్లారికి పోయేది. ఏం పనికి అని ఇంట్లో ఎవరూ అడగలేదు. అక్కడ్నుంచి తెచ్చిన డబ్బులతో నాకు హాస్టల్ ట్రంకుపెట్టె కొన్నారు. నీలం రంగుది. ఇప్పటికీ ఉంది, నా పీహెచ్‌డీ కాగితాలన్నీ అందులోనే.

2003లో, నేను పదో తరగతిలో ఉండగా, ఆమె చనిపోయింది. ఒక పెద్దాస్పత్రి వరండాలో, మంచం కాళ్లకు కట్టిన అట్టముక్క మీద ఎర్ర ఇంకుతో ఏదో రాసి ఉంది. అందరూ అది చదివాకే దగ్గరికి రావాలా వద్దా అని నిర్ణయించుకునేవాళ్లు. దేశంలో ప్రభుత్వం కొన్ని ఆస్పత్రుల్లో ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. కొన్ని నెలల తేడా. ఆ నెలలు గడిచినా ఆలూరు మాదిగ గేరి దాకా ఆ మందు రావడానికి ఇంకెన్నేళ్లు పట్టేదో, అది వేరే లెక్క.

టీబీతో పోయిందని హాస్టల్లో చెప్పాను. యూనివర్సిటీలో అదే చెప్పాను. నా పెళ్లిచూపుల్లో కూడా అదే. ఇరవై ఏళ్లు చెప్పి చెప్పి నేనే నమ్మేదాకా వచ్చాను. ఇది రాసే ముందు అమ్మను అడిగాను. "రాయి. పేరు మాత్రం రాయొద్దు" అంది. పేరు రాయడం లేదు.

కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసే రోజుల్లో నాకు 1909 అనే సంవత్సరం మీద ఒక పిచ్చి పట్టుకుంది. కన్యాశుల్కం తిరగరాసిన రెండో కూర్పు వచ్చింది ఆ ఏడాదే. దక్షిణ భారత కులాలూ తెగల మీద ఎడ్గర్ థర్‌స్టన్ ఏడు సంపుటాలు వచ్చిందీ ఆ ఏడాదే. మధురవాణి మీద మనం ఎన్ని సెమినార్లు పెట్టామో లెక్క లేదు. వీరేశలింగం వేశ్యావ్యతిరేకోద్యమం, నాగరత్నమ్మ అచ్చువేయించిన రాధికాసాంత్వనం, దాని మీద బ్రిటిష్ వాళ్ల నిషేధం, అన్నీ సిలబస్‌లోకి వచ్చాయి. బసివి మాత్రం థర్‌స్టన్ సంపుటాల్లో ఒక జాతిలక్షణంగా ఉండిపోయింది. చదువుకున్న భోగం స్త్రీ గురించి తెలుగు సమాజం వందేళ్లు వాదించుకుంది. చేలో కలుపు తీసే బసివి గురించి వాదించుకోవడానికి కూడా ఏమీ లేదనుకుంది. నేనేం తక్కువ తినలేదు. ఐదేళ్లు మధురవాణి పాఠం చెప్పాను, మా ఇంట్లోని మనిషి గురించి ఒక వాక్యం రాయలేదు.

అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. మా ఆదోని, ఆలూరు 1953 దాకా బళ్లారి జిల్లావి. బళ్లారిలో బ్రిటిష్ కంటోన్మెంటు ఉండేది, దానికొక లాక్ హాస్పిటల్ ఉండేది. 1864 కంటోన్మెంట్ల చట్టం, 1868 అంటురోగాల చట్టం వచ్చిన కాలం అది. సిపాయిల దగ్గరికి వచ్చే ఆడవాళ్ల పేర్లు రాసుకునేవాళ్లు. తేదీల ప్రకారం పరీక్షకు రావాలి. జబ్బుందని తేలితే నయమయ్యేదాకా లోపల పెట్టేవాళ్లు. అందుకే దానికి ఆ పేరు. తెల్ల సిపాయి మీద అటువంటి నిర్బంధం లేదు. ఆ ఏర్పాటంతా ఆమె ఆరోగ్యం కోసం కాదు, అతని ఆరోగ్యం కోసం. 1868 చట్టం 1888లో రద్దయింది.

చట్టం పోయింది కానీ ఆ చూపు పోయిందా? పుస్తకంలో ఇరవైరెండో పేజీలో ఒక బొమ్మ ఉంది. ఎడమ గట్టున కొంగు జారిన ఒక ఆడమనిషి. నడుమ వంతెన, వంతెన మీద లారీ, సంచి మోసుకుపోయే కూలి. కుడి గట్టున ముగ్గు వేసిన ఇల్లు, గుమ్మంలో భార్యా పిల్లలు. కింద రాత: 'హై రిస్క్ గ్రూపు, వారధి జనాభా, సామాన్య జనాభా'. బ్రిడ్జ్ పాపులేషన్ అని నాకో భాషలో ఉన్న మాటకు వారధి అని తెలుగు చేశారు. తెలుగు తప్పు లేదు. ఆ బొమ్మను చాలాసేపు చూశాను. వంతెన అనేది ఎవరో దాటడానికి. దాని ఆరోగ్యం ఎవరూ అడగరు, కూలకుండా ఉంటే చాలు. ఇంకొకటి, ముగ్గు వేసిన ఆ ఇంటాయన అడుగు పెట్టకుండా ఎడమ గట్టుకు జబ్బు ఎట్లా వచ్చింది? బొమ్మలో బాణాలన్నీ ఎడమ నుంచి కుడికే ఉన్నాయి.

కులం అన్న మాట అరవై పేజీల్లో ఒక్కసారీ లేదు. వలస ఉంది, వలస ఎందుకో లేదు. 'విచ్చలవిడితనం' మాత్రం నాలుగు చోట్ల ఉంది.

నన్ను తప్పుగా అనుకోకండి. ఈ కార్యక్రమం పనికిరానిది అని నేను అనను. పెద్దమ్మ పోయిన 2003లోనే గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో అవాహన్ మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో మొదలైంది. ఆ తర్వాత ప్రభుత్వమే ఆ పనిని తీసుకుంది. సెక్స్ వర్కర్లలోంచే పీర్ ఎడ్యుకేటర్లు వచ్చారు, కండోమ్ అని పైకి అనలేని ఊళ్లలో కండోమ్ పంచారు, పోలీసు స్టేషన్ల ముందు కూర్చున్నారు. లక్షల ప్రాణాలు నిలబడ్డాయంటే ఆ ఆడవాళ్ల వల్లే. అయినా 2021 అంచనాల్లో దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. దేశం సగటుకు మూడు రెట్లు. ఈ మూడు రెట్లు 'విచ్చలవిడితనం' వల్ల అనుకునేవాళ్లు అదే పుస్తకం రాస్తారు. మనం ఇంకేదైనా అనుకుంటే ఇంకో పుస్తకం రాయాలి.

మా పెద్దమ్మ ఇవాళ బతికుంటే ఏమయ్యేదో ఆ బల్ల దగ్గర కూర్చునే లెక్క వేశాను. ఆరోగ్య శాఖలో ఒక ఫైలు ఉంటుంది, మహిళా సెక్స్ వర్కర్లది. వీధి ఆధారిత, ఇంటి ఆధారిత, లాడ్జి ఆధారిత అని రకాలు రాసుకుంటారు. అందులో పేరుంటే క్లినిక్కు పిలుస్తారు, పరీక్షలు చేస్తారు. సంక్షేమం వైపు ఇంకో ఫైలు ఉంటుంది, జోగిని, బసివి, మాతమ్మలది. 1988 చట్టం తర్వాత వచ్చిన పునరావాసం మాటలన్నీ అందులోవి. మా పెద్దమ్మను ఎవరైనా సెక్స్ వర్కర్ అని రాసుకుంటే ముఖం మీద పేడ కొట్టేది. "నేను దేవునికి ఇడిసిన బసివిని" అనేది. సంక్షేమం వాళ్ల దగ్గరికి పోతే ఇప్పుడు బసివిలు లేరు, చట్టం వచ్చింది కదా అనేవాళ్లు. ఒక ఫైలుకు ఆమె పని కనబడుతుంది, కులం కనబడదు. ఇంకో ఫైలుకు కులం కనబడుతుంది, వయసు మీరిపోయిన ఒళ్లు కనబడదు. రెండు ఫైళ్ల మధ్య ఖాళీలో ఎంతమంది ఉన్నారో ఎవరు లెక్క తీయాలి?

చట్టాలు చెప్పే మంచి మాటలకు కొదవ లేదు. 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, వైద్యం నిరాకరించకూడదు. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు సెక్స్ వర్కర్లకూ గౌరవంగా బతికే హక్కుందని, అడ్రసు రుజువు లేకున్నా నాకో అధికారి ధ్రువీకరణతో ఆధార్ ఇవ్వాలని చెప్పింది. వీటిని విద్యార్థులు చదవాలి, ముఖ్యంగా హాస్టళ్లలో ఉండేవాళ్లు. కానీ గోప్యత అనేది గేరిలో ఎట్లా ఉంటుందో కూడా చూడండి. నర్సమ్మ స్కూటీ ఏ ఇంటి ముందు రెండుసార్లు ఆగిందో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఊర్లోని పెద్దిళ్ల వాళ్లు కర్నూలు పోయి ప్రైవేటులో చూపించుకుంటే ఎవరికీ తెలియదు. ఒకే చట్టం, ఒకే గోప్యత. ఒకరికి కారు ఉంది, ఒకరికి గేరి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన మైకేల్ మార్మట్ కమిషన్ 2008లో చెప్పింది ఇదే కదా, మనుషులు పుట్టి పెరిగి పనిచేసే పరిస్థితుల్లోంచే ఆరోగ్యంలో అన్యాయం పుడుతుందని. అందరికీ ఒకే పుస్తకం పంచడం సమానత్వం కావచ్చు. న్యాయం అనే మాటను నేను దానికి వాడను.

ఇప్పుడు ఒక విద్యార్థిని సంగతి. ఆ పిల్లా, వాళ్లమ్మా ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఊరు చెప్పను. సెకండియర్ అమ్మాయి. పోయిన అక్టోబర్లో వచ్చి "మేడం, అమ్మకు గర్భసంచి తీసేస్తారంట, ముప్పై వేలు కావాల" అంది. వాళ్లమ్మకు ముప్పైఆరేళ్లు. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో స్కానింగు తీసి, "పుండు పడింది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్నారట. గేరిలో అప్పటికే తొమ్మిది మంది తీయించుకున్నారు. ఈమె పదోది. "పిల్లలు పుట్టారు కదా, ఇంకెందుకది" అని ఆమే అంటోంది. పాడైన సంచి పారేసినట్టు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. అనవసరపు ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

ఆమెను నేను సురక్ష క్లినిక్‌కు తీసుకుపోయాను. ప్రభుత్వాస్పత్రుల్లో లైంగిక వ్యాధులు చూసే గదికి ఆ పేరు పెట్టారు. అక్కడ మందులు రంగుల ప్యాకెట్లలో ఉంటాయి, ఒక్కో లక్షణానికి ఒక్కో రంగు. పరీక్ష చేసిన డాక్టరమ్మ పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్ అని పసుపు ప్యాకెట్టు ఇచ్చింది. పద్నాలుగు రోజులు మింగాలి. భర్తకు బూడిదరంగు ప్యాకెట్టు. ఇద్దరూ మింగాలి, లేకపోతే మళ్లీ వస్తుంది అని రెండుసార్లు చెప్పింది. డబ్బులు అడగలేదు. క్యాన్సర్ భయం పోవడానికి గర్భాశయ ముఖద్వారం పరీక్ష కూడా చేసింది, ఏమీ లేదంది. ఎప్పుడో 2007, 2008 నాటికే మన దగ్గర ఉన్న ఈ ప్యాకెట్ల సంగతి ఆ గేరిలో తీయించుకున్న తొమ్మిది మందికీ ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే వాళ్లు ఏ హై రిస్క్ గ్రూపులోనూ లేరు. పెళ్లయినవాళ్లు, సామాన్య జనాభా, కుడి గట్టువాళ్లు.

మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ రాకముందే వాళ్లు సుగ్గికి పోయారు. కడప వైపు మిత్రులకు తెలియకపోవచ్చు, మా పడమటి కర్నూల్లో పత్తికీ మిరపకూ గుంటూరు వైపు వలసపోవడాన్ని సుగ్గి అంటాం. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు పల్లెల్లో అప్పుడు ముసలోళ్లూ తాళాలూ మిగులుతాయి.

మీటింగులో నేను అడిగినవి మూడే. సుఖవ్యాధి అనే మాట తీయండి. వంతెన బొమ్మ తీయండి. క్లినిక్కు తేదీలు సుగ్గిని చూసి పెట్టండి, పోయేముందు ఆదోని వైపు, పోయాక గుంటూరు చేలల్లో. కార్డు ఇక్కడ రాస్తే అక్కడ చెల్లాలి. మొదటిది ఒప్పుకున్నారు. బొమ్మ మీద వాదన సాగింది. మూడోదానికి ఆ అధికారి నవ్వుతూ, కోపం లేకుండానే, "మేడం, మీరు భాష చూడండి. ఇది పాలసీ" అన్నారు. నాకు అప్పుడు జవాబు తట్టలేదు. బస్సులో తట్టింది, ఎప్పుడూ అంతే.

బాబాసాహెబ్ 1934లో బొంబాయిలో ఒక కేసు వాదించారు. ఆర్.డి. కర్వే అనే ఆయన 'సమాజ్ స్వాస్థ్య' అనే పత్రికలో లైంగిక విషయాల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాస్తే అశ్లీలమని కేసు పెట్టారు. అంబేడ్కర్ కర్వే తరఫున నిలబడ్డారు. ఓడిపోయారు. జనం తమ ఒంటి గురించి అడగడం, తెలిసినవాళ్లు జవాబు చెప్పడం నేరం ఎట్లా అవుతుందన్నది అక్కడి ప్రశ్న. భాషా, పాలసీ వేరని ఆయన అనుకుని ఉంటే ఆ కేసు తీసుకునేవారు కాదు. ఆయనే 1936 జూన్‌లో బొంబాయి దామోదర్ హాల్లో దేవదాసీ, జోగిని, మురళి ఆడవాళ్లతో ఆ బతుకు వదిలేసి రండని గట్టిగా చెప్పారు. మన ఆడవాళ్లలో చాలామందికి ఆ ప్రసంగం గుచ్చుకుంటుంది. నాకూ గుచ్చుకుంటుంది. పదమూడేళ్ల పిల్ల దాన్ని ఎంచుకోలేదు, నలభై ఏళ్ల మనిషి వదిలేసి ఎక్కడికి పోవాలి? కానీ ఆ హాల్లో వాళ్లను పిలిచి, కూర్చోబెట్టి, ఎదురుగా మాట్లాడారు. వాళ్ల మీద పుస్తకం రాసి వాళ్లను పిలవకుండా ఉండలేదు. దీని మీద మనం ఇంకా కొట్లాడుకోవాలి, ఒక సాయంత్రం పెట్టుకుందాం.

వచ్చే నెల రెండో మీటింగు. ఈసారి నేను ఒక్కదాన్నే రానని, ఆదోని నుంచి ఇద్దరిని తెస్తానని రాసి పంపాను. ఒకరు పీర్ ఎడ్యుకేటర్, ఒకరు బసివి. టీఏ వాళ్లకు కూడా ఇవ్వాలని రాశాను. జవాబు రాలేదు.

నిన్న రాత్రి ఇది రాస్తుండగా గుంటూరు చేలోంచి ఆ అమ్మాయి తల్లి ఫోన్ చేసింది. వెనక ఆడవాళ్ల మాటలు, పిల్లోడి ఏడుపు. నొప్పి తగ్గిందంట, మళ్లీ కొంచెం మొదలైందంట. "మేడం, నాది పసుపుది పద్నాలుగు దినాలూ మింగినా. ఆయన బూడిదది మింగల్యా. నాకేం రోగముందని మింగాల అంటాడు. ఆ ప్యాకెట్టు ఇంగా నా కాడే ఉంది, మూట్లో. దాన్నీ నేనే మింగితే పనికొస్తాదా?"